అగ్రెసివ్ బాల్ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది?

పది పిన్నుల బౌలింగ్ గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి. బాగా హుక్ అయ్యే, అంటే దారిలో పక్కకు బాగా వంగే, ఖరీదైన ‘అగ్రెసివ్’ బాల్ కొన్నామనీ, అది ఒక రోజు అద్భుతంగా ఆడితే మరో రోజు మాట వినడం లేదనీ చాలామంది రాశారు. అందుకే మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి, ఈ సంచికలో వీటికే జవాబులు ఇస్తున్నాను. జవాబులన్నీ కుడిచేతి ఆటగాణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసినవి; ఎడమచేతి వారు దిశలను తిప్పి చదువుకోవాలని మనవి.

ప్రశ్న: నేను ఇటీవల 15 పౌండ్ల సాలిడ్ రియాక్టివ్ బాల్ కొన్నాను. అందులో అసిమెట్రిక్ కోర్, అంటే లోపల అసమాన ఆకారంలో ఉండే బరువు దిమ్మ, ఉంది. తయారీదారులు తమ బాల్స్ అన్నింటిలో దీన్నే అత్యంత అగ్రెసివ్ అని చెబుతున్నారు. లేన్‌లకు కొత్తగా ఆయిల్ పట్టించిన వెంటనే ఆడితే వరుసగా స్ట్రైకులు (మొదటి బాల్‌కే పది పిన్నులూ పడటం) పడుతున్నాయి. అప్పటికే చాలామంది ఆడేసిన లేన్ మీద మాత్రం ఇదే బాల్ తొందరగా తిరిగిపోయి, పాకెట్‌కు (1, 3 పిన్‌ల మధ్య సందుకు) చేరినా నీరసంగా తగులుతోంది. కుడివైపు వెనక మూలనున్న 10వ పిన్ పదేపదే నిలబడిపోతోంది. లోపం బాల్‌లో ఉందా, నా చేతిలో ఉందా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే రెండింటిలోనూ లోపం కనిపించడం లేదు. ఆ బాల్‌ను ఏ పరిస్థితి కోసం తయారు చేశారో ఆ పరిస్థితి అయిపోయాక కూడా మీరు దానితోనే ఆడుతున్నారు, అంతే.

బాల్ వదిలే చోటి ఫౌల్ లైన్ నుంచి అన్నిటికంటే ముందున్న హెడ్ పిన్ (1వ పిన్) వరకు లేన్ పొడవు 60 అడుగులు. సాధారణంగా అందులో మొదటి 40 అడుగుల దాకా, కాస్త అటూ ఇటుగా, ఆయిల్ పూత ఉంటుంది. మిగిలిన భాగం పొడిగా ఉంటుంది. ఆ పూతకు వాడే ఆయిల్ మొత్తం చాలా చోట్ల 20 నుంచి 30 మిల్లీలీటర్లకు మించదు గనుక, కొద్దిమంది ఆడితేనే పరిస్థితి మారిపోవడంలో వింత లేదు. చేతిని వదిలిన బాల్ మొదట జారుతుంది, తర్వాత హుక్ అవుతుంది, చివరికి దొర్లుతుంది. జారుతున్నంతసేపు అది ప్రయాణించే దిశ ఒకటి, తన చుట్టూ తాను తిరిగే దిశ మరొకటి. లేన్‌తో కలిగే ఘర్షణ ఈ రెండింటినీ క్రమంగా ఒకే దారికి తెస్తుంది, ఆ క్రమంలో వచ్చే వంపునే మనం హుక్ అంటున్నాం. రెండు దిశలూ కలిసిపోయిన తర్వాత బాల్ నేరుగా దొర్లుకుంటూ పోవడమే తప్ప ఇక వంగదు. కాబట్టి ప్రతి బాల్‌లోనూ హుక్‌కు ఒక పరిమితి ఉంది. ఆ పరిమితిలో ఎంత భాగం ఎక్కడ ఖర్చవుతోందో గమనించడం నేర్చుకున్న ఆటగాడికి మీ సమస్య సగం తీరినట్టే.

అగ్రెసివ్ అని పేరు పడిన బాల్‌లో ఆ ఖర్చు త్వరగా మొదలవుతుంది. దానికి ప్రధాన కారణం పై పొర, అంటే కవర్‌స్టాక్. రియాక్టివ్ రెజిన్ పొరలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. అవి ఆయిల్‌ను పీల్చుకుని, బాల్‌కూ లేన్‌కూ మధ్య పట్టును పెంచుతాయి. సాలిడ్ రకంలో ఈ పట్టు ముందుగానే అందుతుంది, మెరుపు కలిపిన పెర్ల్ రకంలో ఆలస్యంగా అందుతుంది, హైబ్రిడ్ రకం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. రెండో కారణం ఆ పొరను ఎంత గరుకుగా ఉంచారన్నది. మూడోది లోపలి కోర్. దాని ఆర్జీ (బరువు బాల్ మధ్యకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలత) విలువ తక్కువగా ఉంటే బాల్ త్వరగా తిరగడం మొదలుపెడుతుంది. డిఫరెన్షియల్, అంటే అత్యధిక, అత్యల్ప ఆర్జీల మధ్య తేడా, ఎక్కువగా ఉంటే ప్రతి చుట్టులోనూ ఆయిల్ అంటని కొత్త చోటు లేన్‌కు తగులుతుంది. యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్, అంటే యూఎస్‌బీసీ, నిబంధనల ప్రకారం ఆర్జీ 2.46 నుంచి 2.80 అంగుళాల మధ్య ఉండాలి, డిఫరెన్షియల్ 0.060 దాటకూడదు. ఈ అంకెలు చూసి మోజు పడేవారు చాలామంది ఉన్నారు గానీ, బాల్ నడకను ఎక్కువగా నిర్ణయించేది పై పొర, దాని గరుకుదనం. కోర్ పాత్ర ఆ తర్వాతిదే.

ఇప్పుడు మీ రెండు అనుభవాలను చూద్దాం. ఆయిల్ దట్టంగా ఉన్నప్పుడు బలహీనమైన బాల్ జారుతూనే పోయి, హుక్ కావలసిన చోటికి చేరేసరికి సమయం చాలక, పాకెట్‌కు ఇవతలే తేలికగా తగులుతుంది. మీ బాల్ ఆ ఆయిల్‌లో కూడా లేన్‌ను పట్టుకుంటుంది, లేన్ మధ్య భాగంలోనే నెమ్మదించి, పొడి భాగానికి చేరాక మిగిలిన హుక్‌ను వాడుకుంటుంది. స్ట్రైక్‌కు అనుకూలమైన ప్రవేశ కోణం 4 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంటుందని ఈ రంగంలో అందరూ అంగీకరిస్తారు. హుక్ లేకుండా నేరుగా వేసే బాల్‌కు 2 డిగ్రీలు కూడా దక్కవు. కొత్త ఆయిల్ మీద మీకు సరైన కోణమూ, దాన్ని నిలబెట్టే బలమూ రెండూ అందుతున్నాయి.

ఆయిల్ అరిగిన లేన్ మీద ఇదే పట్టు ఎదురు తిరుగుతుంది. మొదటి 15, 20 అడుగుల్లో ఉండవలసిన ఆయిల్ పలచబడగానే బాల్ అక్కడే హుక్ మొదలుపెట్టి, 40 అడుగులు దాటేసరికి దొర్లే దశకు వచ్చేస్తుంది. పాకెట్‌ను తాకే సమయానికి అందులో ఇక తిరిగే శక్తి మిగలదు. మంచి స్ట్రైక్‌లో బాల్ స్వయంగా 1, 3, 5, 9 పిన్‌లను పడగొడుతుంది. 3వ పిన్ 6ను, 6వ పిన్ 10ని పడగొడతాయి. బలం తగ్గిన బాల్ 1, 3 పిన్‌లను తాకగానే కుడివైపు ఎక్కువగా పక్కకు తొలగుతుంది. దాంతో 6వ పిన్ దారి తప్పి, 10 ముందరి గటర్‌లోకి నీరసంగా ఒరిగిపోతుంది. 10వ పిన్ నిలబడటం దురదృష్టమని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అయితే ఇకమీదట 6వ పిన్ ఎలా పడుతోందో గమనించండి. అది చురుగ్గా లేచి 10 మెడ చుట్టూ తిరిగి వెళ్తే అది నిజంగా దురదృష్టమే. గటర్‌లో చతికిలపడితే మాత్రం బాల్ ముందే అలసిపోయిందని అర్థం.

అందువల్ల ఈ బాల్‌ను కొత్త ఆయిల్‌కూ, దట్టమైన ప్యాటర్న్‌లకూ (లేన్ మీద ఆయిల్ పరిచే తీరును ప్యాటర్న్ అంటారు) ఉంచుకోండి. తర్వాతి ఆటలకు ఇంతకంటే నునుపైన, ఆర్జీ కాస్త ఎక్కువ ఉన్న సిమెట్రిక్ పెర్ల్ బాల్ ఒకటి సమకూర్చుకుంటే మేలు. ఎంత హుక్ అవుతుందో చూపించి బాల్‌ను అమ్మే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. కొనేవాడికి తెలియవలసింది అది లేన్‌లో ఏ చోట హుక్ అవుతుందన్నది, ఆ సంగతి ప్రకటనల్లో అరుదుగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఆయిల్ కంటికి సరిగా కనిపించదు కదా. లేన్ మీద ఎంత ఉందో, ఎక్కడి దాకా ఉందో తెలియకుండా ఏ బాల్ తీయాలో ఎలా నిర్ణయించుకోవాలి?

జవాబు: పోటీలైతే ప్యాటర్న్ పత్రాన్ని చాలాసార్లు ముందే ఇస్తారు. అందులో ముందుగా పొడవు చూడండి. పొడవులోంచి 31 తీసివేస్తే, ఆయిల్ దాటే చోట బాల్ ఏ బోర్డు (లేన్ పొడవునా ఉండే సన్నని పట్టీ) దగ్గర ఉండాలో సుమారుగా తెలుస్తుంది. లేన్ వెడల్పులో 39 బోర్డులుంటాయి, కుడి గటర్ నుంచి లెక్కపెట్టాలి. 40 అడుగుల ప్యాటర్న్‌కు 9వ బోర్డు, 35 అడుగులకు 4వ బోర్డు, 45 అడుగులకు 14వ బోర్డు వస్తాయి. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క మాత్రమే, శాసనం కాదు.

పొట్టి ప్యాటర్న్ అంటే బాల్‌కు చివర 25 అడుగులో అంతకంటే ఎక్కువో పొడి నేల దొరుకుతుంది. అక్కడ గటర్ పక్కనుంచి ఆడాలి, అగ్రెసివ్ బాల్ ఆ పొడి నేల మీద అదుపు తప్పి హెడ్ పిన్‌ను దాటి ఎడమవైపుకు పోతుంది. రియాక్టివ్ కంటే పాత రకమైన యూరిథేన్ బాల్‌కు ఇలాంటి చోట ఇప్పటికీ గిరాకీ ఉండటానికి కారణం అదే: అది ముందుగానే, కానీ మెత్తగా వంగుతుంది. పొడవైన ప్యాటర్న్ మీద వ్యవహారం పూర్తిగా వేరు. ఆయిల్ దాటాక మిగిలేది 15 అడుగులే గనుక లేన్ లోపలి బోర్డుల నుంచి నేరుగా ఆడాలి, ఆయిల్‌లోనే పట్టు చూపగల అగ్రెసివ్ బాల్ లేకపోతే పాకెట్ కోణం దొరకదు.

పత్రం లేని సాధారణ కేంద్రాల్లో పట్టించే హౌస్ ప్యాటర్న్‌లో మధ్య బోర్డుల మీద ఆయిల్ ఎక్కువగా, అంచుల మీద చాలా తక్కువగా ఉంటుంది. కుడివైపుకు తప్పిన బాల్‌ను పొడి అంచు వెనక్కి తెస్తుంది, లోపలికి తప్పిన బాల్‌ను మధ్యనున్న ఆయిల్ నిలబెడుతుంది. స్పోర్ట్ ప్యాటర్న్‌లలో ఈ తేడాను చాలా తగ్గించి, మధ్యకూ అంచుకూ మధ్య నిష్పత్తిని 3:1 స్థాయికి పరిమితం చేయడం వల్ల ఆ ఊతం ఉండదు. హౌస్ ప్యాటర్న్ మీద 200 దాటే సగటు ఉన్నవారు స్పోర్ట్ ప్యాటర్న్ మీద తడబడటం చూసి బాల్‌ను తప్పుపట్టనవసరం లేదు.

ఇక ప్రాక్టీస్ బాల్స్‌ను పిన్‌లు పడగొట్టడానికి వృథా చేయకండి. ఒకటి అంచు దగ్గర, ఒకటి లేన్ మీద గీసి ఉండే రెండో బాణం మీదుగా, ఒకటి ఇంకా లోపలగా, ఒకే వేగంతో వేసి ప్రతిదీ ఎక్కడ తిరగడం మొదలుపెట్టిందో చూడండి. తిరిగి వచ్చిన బాల్ మీద ఆయిల్ చారలు కూడా చాలా చెబుతాయి. అవి దట్టంగా, తడిగా ఉంటే ముందు అగ్రెసివ్ బాల్‌తోనే మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: మూడో గేమ్‌కు వచ్చేసరికి నా బాల్ హుక్ కావడం మానేసి కుడివైపే ఉండిపోతోంది. ఆయిల్ ముందుకు పాకి ఉంటుందని కుడివైపుకు జరుగుతున్నాను, పరిస్థితి ఇంకా చెడుతోంది. ఎందుకు?

జవాబు: మీరు రోగాన్ని తప్పుగా గుర్తించి ఉంటారని నా అనుమానం. ఇలా పొరబడేవారిలో అనుభవజ్ఞులు కూడా ఉన్నారు.

బాల్ పాకెట్‌కు చేరకుండా కుడివైపు ఉండిపోవడానికి రెండు విరుద్ధమైన కారణాలుంటాయి. మొదటిది మీరు చెప్పినదే. ప్లాస్టిక్, యూరిథేన్ బాల్స్ ఆయిల్‌ను పీల్చుకోవు గనుక దాన్ని ముందుకు మోసుకుపోయి, పొడిగా ఉండవలసిన చోట పూస్తాయి. దాంతో ఇతరుల బాల్స్ ఆలస్యంగా తిరుగుతాయి. రెండో కారణం లేన్ ముందరి భాగంలో ఆయిల్ అరిగిపోవడం. అందరూ రియాక్టివ్ బాల్స్‌తో ఆడుతున్న చోట ఎక్కువగా జరిగేది ఇదే. అగ్రెసివ్ బాల్ ఆ పొడి జాడ మీద తన హుక్ అంతా ముందే ఖర్చు చేసి, చివరి 20 అడుగుల్లో నేరుగా దొర్లుతుంది. చూసేవారికి మాత్రం బాల్ అసలు హుక్ కాలేదనే అనిపిస్తుంది. అప్పుడు మీరు కుడివైపుకు, అంటే ఇంకా పొడిగా ఉన్న చోటికి జరిగితే బాల్ మరింత ముందుగా అలసిపోతుంది.

తేడా తెలుసుకోవాలంటే పిన్‌లను చూడటం మాని, 30 నుంచి 45 అడుగుల మధ్య బాల్‌ను చూడండి. అక్కడ అది ఇంకా జారుతూ, పక్కకు తిరుగుతూనే ముందుకు సాగిపోతుంటే నిజంగానే ఆయిల్ ముందుకు పాకింది. అలా కాక, మధ్యలోనే కాస్త వంగి ఆ తర్వాత చప్పగా దొర్లుతుంటే బాల్ అలసిపోయింది. మొదటి సందర్భంలో ఇంకా గరుకైన బాల్‌కు మారవచ్చు లేదా వేగం కొద్దిగా తగ్గించవచ్చు. రెండో సందర్భంలో పాదాలను 2 బోర్డులు, లక్ష్యాన్ని 1 బోర్డు ఎడమవైపుకు జరిపి, ముందు భాగంలో ఆయిల్ మిగిలి ఉన్న జాడను వెతుక్కోవాలి. ఇలా రెండు మూడుసార్లు జరిగినా 10వ పిన్ నిలబడుతూనే ఉంటే అగ్రెసివ్ బాల్‌ను సంచిలో పెట్టి, నునుపైన బాల్ తీయాల్సిందే. ఆ నిర్ణయం ఒక ఫ్రేమ్ ఆలస్యంగా తీసుకోవడం కంటే ఒక ఫ్రేమ్ ముందు తీసుకోవడమే మంచిదని నేననుకుంటాను.

అయితే ఒక మినహాయింపు ఉంది. అంచులు పూర్తిగా ఎండిపోయి మధ్యలో ఆయిల్ ఇంకా దట్టంగా ఉన్నప్పుడు మెరిసే పెర్ల్ బాల్ రెండు విధాలా ఇబ్బంది పెడుతుంది. ఆయిల్ మీద మరీ జారుతుంది, పొడి తగిలిన మరుక్షణం మరీ పదునుగా తిరుగుతుంది. అలాంటి లేన్ మీద గరుకైన సాలిడ్ బాల్ ఈ తేడాను సర్దుకుని, ఒకే తీరున వంగుతుంది. మీ వేగం బాగుంటే దాన్నే కొనసాగించడం తప్పు కాదు.

ప్రశ్న: నా మిత్రుడూ నేనూ ఒకే అగ్రెసివ్ బాల్, ఒకే బరువుది కొన్నాం. ఒకే లేన్ మీద అతని బాల్ నాదానికంటే రెట్టింపు వంగుతోంది. డ్రిల్లింగ్ (వేళ్ల రంధ్రాలు వేసిన తీరు) తేడానా?

జవాబు: డ్రిల్లింగ్‌లో తేడా ఉండవచ్చు గానీ, ఇంత పెద్ద తేడాను అది ఒక్కటే తేలేదు. మీ ఇద్దరి వేగాన్నీ, నిమిషానికి బాల్ ఎన్ని చుట్లు తిరుగుతోందన్న సంఖ్యనూ పోల్చి చూడండి. చుట్లు ఎక్కువై వేగం తక్కువైతే బాల్ త్వరగా తిరుగుతుంది. అలాంటివారికి అగ్రెసివ్ బాల్ నిజంగా దట్టమైన ఆయిల్ మీద తప్ప అక్కరలేదు. వేగం ఎక్కువై చుట్లు తక్కువైన వారికి మధ్యరకం ఆయిల్ మీద కూడా అదే బాల్ చక్కగా కుదురుతుంది. జేసన్ బెల్మాంటే వంటి రెండు చేతుల ఆటగాళ్లు బొటనవేలు రంధ్రంలో పెట్టకుండా వేసి చుట్లను అమాంతం పెంచుతారు. వారి సంచిలో ఉన్న బాల్‌ను చూసి కొనడంలో అర్థం లేదు.

ప్రశ్న: ఒకే బాల్‌ను ఇసుక కాగితంతో రుద్దో, పాలిష్ చేసో అన్ని లేన్‌లకూ వాడుకోవచ్చా?

జవాబు: అన్నింటికీ కుదరదు గానీ, మీరు ఊహించే దానికంటే ఎక్కువ వాటికే కుదురుతుంది. బాల్‌ను రుద్దే అబ్రలాన్ ప్యాడ్‌ల మీద 500, 1000, 2000, 4000 అని ఉండే సంఖ్య పెరిగేకొద్దీ ఉపరితలం నునుపవుతుంది, హుక్ ఆలస్యమవుతుంది. దట్టమైన ఆయిల్‌కు 500 లేదా 1000 దగ్గర ఉంచిన బాల్‌నే 4000 దాకా తీసుకెళ్లి పైన పాలిష్ పూస్తే, మధ్యరకం ఆయిల్ మీద అది కొత్త బాల్‌లా ప్రవర్తిస్తుంది. బాగా పొడిగా ఉన్న లేన్‌కు మాత్రం ఇది చాలదు, ఎందుకంటే పాలిష్ కింద ఉన్నది అదే రియాక్టివ్ పొర, లోపల ఉన్నది అదే కోర్. ఆడుతున్నకొద్దీ గరుకుదనం దానంతట అదే అరిగిపోతుందని కూడా గుర్తుంచుకోండి. నెలల క్రితం 1000 దగ్గర రుద్దిన బాల్ ఇప్పుడు అక్కడ ఉండదు.

యూఎస్‌బీసీ గుర్తింపు ఉన్న పోటీల్లో ఆట మొదలయ్యాక బాల్‌ను రుద్దడం నిషిద్ధం. ఆట మధ్యలో ద్రవంతో తుడవడాన్ని కూడా 2019 ఆగస్టు నుంచి ఆపేసి, పొడి గుడ్డను మాత్రమే అనుమతిస్తున్నారు. ఉపరితలం మీద ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారికి ఒక పాత సంగతి చెప్పాలి. రియాక్టివ్ రెజిన్ 1990 దశకం మొదట్లో వచ్చింది. దానికి చాలా ముందే, 1973లో, డాన్ మెక్‌క్యూన్ ప్లాస్టిక్ బాల్‌ను రసాయనంలో నానబెట్టి పై పొరను మెత్తబరిచి, ఆ ఏడాది పీబీఏ (ప్రొఫెషనల్ బౌలర్స్ అసోసియేషన్) ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. బాల్ పై పొరకు కనీస గట్టిదనం ఉండాలన్న నిబంధన ఆ నానబెట్టిన బాల్స్ పుణ్యమే.

ప్రశ్న: బాల్ పక్కన అదనపు రంధ్రం వేయిస్తే హుక్‌ను తగ్గించుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు.

జవాబు: అది పాత సలహా. అలాంటి అదనపు రంధ్రాలను, అంటే బ్యాలెన్స్ రంధ్రాలను, యూఎస్‌బీసీ 2020 ఆగస్టు 1 నుంచి అనుమతించడం లేదు. వేళ్ల కోసం వేసిన ప్రతి రంధ్రాన్నీ బాల్ వేసేటప్పుడు వాడి తీరాలి.

ప్రశ్న: స్పేర్‌లకు (మొదటి బాల్ తర్వాత మిగిలిన పిన్‌లను రెండో బాల్‌తో పడగొట్టడానికి) కూడా అగ్రెసివ్ బాల్‌నే వాడుతున్నాను. 10వ పిన్ తరచూ తప్పిపోతోంది.

జవాబు: 10వ పిన్‌కు లేన్‌ను అడ్డంగా దాటుతూ నేరుగా వేయాలి. చివరి పొడి భాగంలో అగ్రెసివ్ బాల్ మిమ్మల్ని అడగకుండానే ఎడమవైపుకు తిరుగుతుంది, అదీ ఆయిల్ అరిగినకొద్దీ ఒక్కోసారి ఒక్కోలా. ప్లాస్టిక్ బాల్ ఒకటి తీసుకోండి. ఆయిల్ ఎంత ఉన్నా లేకపోయినా అది దాదాపు ఒకే దారిన పోతుంది. రెండో బాల్ కొనే ఆలోచన ఉంటే మొదట కొనవలసింది ఇదే.

ప్రశ్న: ఒక సీజన్ ఆడాక నా అగ్రెసివ్ బాల్ దట్టమైన ఆయిల్ మీద కూడా వంగడం లేదు. బాల్ చచ్చిపోయిందంటున్నారు. నిజమేనా?

జవాబు: అలా తేల్చేముందు దానికి పట్టిన ఆయిల్‌ను తీసి చూడండి. ఆయిల్‌ను పీల్చుకోవడమే ఈ పొర బలం, ఆ పీల్చుకున్న ఆయిల్ లోపలే ఉండిపోతే అదే దాని బలహీనత. ఆట ముగిసిన వెంటనే, బాల్ ఇంకా వెచ్చగా ఉండగానే, బాల్ క్లీనర్‌తో తుడవడం అన్నింటికంటే తేలికైన జాగ్రత్త. లోతుగా ఇంకిన ఆయిల్‌ను తీయడానికి రంధ్రాలకు టేపు అంటించి, గిన్నెలు కడిగే ద్రవం కొద్దిగా కలిపిన వేడి నీటిలో బాల్‌ను ఉంచుతారు. నీరు మరుగుతూ ఉండకూడదు, చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు. అతి వేడికి, ఎండలో కారులో వదిలేసినా సరే, పొర పగిలే ప్రమాదం ఉంది. ఆ తర్వాత బౌలింగ్ సామగ్రి అమ్మే ప్రో షాప్‌లో యంత్రం మీద ఉపరితలాన్ని మొదటి గరుకుదనానికి తిరిగి తెప్పించండి. చాలా బాల్స్ ఈ రెండు పనులతోనే కోలుకుంటాయి. ఇవి చేశాక కూడా కొత్త ఆయిల్ మీద అది జారుతూనే పోతుంటే, దాన్ని నునుపుగా పాలిష్ చేయించి, అరిగిన లేన్‌ల కోసం ఉంచుకోండి. మొదటి ఉత్తరం రాసిన పాఠకుడు వెతుక్కోవలసిన రెండో బాల్ మీ దగ్గర అప్పటికే ఉన్నట్టవుతుంది.